లారీ మైలేజీ ఉన్నట్టుండి పడిపోయిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

మదనపల్లె నుంచి టమోటా, చిత్తూరు చుట్టుపక్కల మామిడి, గ్రానైట్, కృష్ణపట్నం వైపు పోర్టు లోడు... ఏ సరుకు తోలే బండి ఓనరైనా చివరికి అడిగేది ఒకటే: "నిన్నటిదాకా నాలుగిచ్చిన బండి మూడున్నరకు ఎందుకు పడింది?" ఏళ్ల మీద కొద్దికొద్దిగా తగ్గితే దాన్ని ఇంజన్ అరుగుదల అనుకోవచ్చు. వారంలోనో పది రోజుల్లోనో పడితే మాత్రం ఏదో ఒకటి విరిగింది, ఇరుక్కుంది, కారుతోంది, లేదంటే లెక్కే తప్పింది. ఈ పేజీ ఆ రెండో రకం గురించి.

మైలేజీ నిజంగా పడిందని ముందు ఎలా తేల్చుకోవాలి?

డ్యాష్‌బోర్డులో కనపడే సగటును నమ్మి ఇంజన్ విప్పొద్దు. ట్యాంక్ ఫుల్ నుంచి ట్యాంక్ ఫుల్ లెక్క వేయండి. రెండుసార్లూ ఒకే బంకు, ఒకే పంపు, బండి ఒకే చోట, ఒకే వాలులో నిలబడాలి. నాజిల్ మొదటిసారి కట్టయిన చోటే ఆపండి. ఆ తర్వాత నురగ దిగేదాకా ఆగి మళ్లీ మళ్లీ నొక్కి పోయిస్తే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పట్టి లెక్క చెడుతుంది. పెద్ద ట్యాంకున్న బండి కాస్త పక్కకు వాలి నిలబడితే పది లీటర్లు అటూ ఇటూ కావడం వింతేమీ కాదు. మధ్యలో కనీసం 500 కిలోమీటర్లు తిరగాలి. 612 కిలోమీటర్లకు 170 లీటర్లు పడితే లీటరుకు 3.6.

ఒక ట్రిప్పులో అయిదు శాతం తేడా వస్తే పట్టించుకోవద్దు. గాలి, లోడు, ట్రాఫిక్ వల్లే అంత తేడా వస్తుంది. వరుసగా రెండు ఫుల్లింగుల్లో (ట్యాంకు ఫుల్ చేసిన లెక్కల్లో) పది శాతం దాటితే అది నిజమైన పతనం.

కొత్త టైర్లు వేయించాక తగ్గింది. టైర్లు బాగాలేవా?

టైర్ల తప్పు కాకపోవచ్చు, కిలోమీటర్లు చూపే మీటరుది కావచ్చు. ఇంజన్ తిప్పే వెనక యాక్సిల్ (హౌసింగ్) టైర్లు బాగా అరిగి ఉన్నప్పుడు చుట్టుకొలత తక్కువ, కాబట్టి కిలోమీటరుకు ఎక్కువ చుట్లు తిరుగుతాయి, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కొత్త బటన్ (టైరు మీది గాళ్ల రబ్బరు) ఎత్తు 15 మిల్లీమీటర్లు పెరిగితే వ్యాసం 30 మిల్లీమీటర్లు పెరిగినట్టు. ఒక మీటరు వ్యాసముండే లారీ టైరుకు అది దాదాపు మూడు శాతం. మునుపు మీటరు 600 చూపించిన దారికి ఇప్పుడు 583 చూపిస్తుంది. డీజిల్ అంతే కాలింది, కాగితం మీద మైలేజీ పడింది. హైవే రాళ్లతోనో ఫోన్ జీపీఎస్‌తోనో 50 కిలోమీటర్లు సరిచూస్తే తేలిపోతుంది.

లోతు బటన్ ఉన్న కొత్త టైరు అరిగిన టైరు కంటే కాస్త బరువుగా దొర్లుతుందన్నదీ నిజమే. కానీ అది ఒక్కరోజులో అర కిలోమీటరు తినేయదు.

మదనపల్లె ఎక్కేటప్పుడు ఒక మైలేజీ, దిగేటప్పుడు ఒక మైలేజీ వస్తోంది. ఏది నమ్మాలి?

విడిగా ఏదీ నమ్మొద్దు. రానూపోనూ కలిపి చూడండి. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది, మదనపల్లె సుమారు 695 మీటర్లు. 25 టన్నుల బండిని ఆ 535 మీటర్లు పైకి ఎత్తడానికే దాదాపు పది లీటర్ల డీజిల్ కావాలి. గాలి నిరోధం, టైర్ల రాపిడి దానికి అదనం. చిత్తూరు నుంచి పలమనేరు సుమారు 350 మీటర్ల ఎక్కుడు. అక్కడా ఆరేడు లీటర్లు మొగిలి ఘాట్ ఖాతాలో వేసుకోవాల్సిందే.

అందుకే మునుపు మదనపల్లెలో లోడెత్తి చెన్నై వైపు దిగి ఖాళీగా ఎక్కిన బండి, ఇప్పుడు కిందినుంచి సిమెంటో ఇనుమో లోడుతో ఎక్కుతుంటే, మైలేజీ పడటం రిపేరు కాదు. రూటు మారిన నెలను పాత నెలతో పోల్చకండి.

సరే, లెక్క సరిగ్గానే ఉంది, నిజంగానే పడింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పడటానికి ముందు పదిహేను రోజుల్లో బండికి ఏం జరిగిందో కాగితం మీద రాయండి. బ్రేక్ లైనర్లు మార్చారా? ఎయిర్ ఫిల్టర్ విప్పారా? రేడియేటర్ పని జరిగిందా? క్లచ్ వేశారా? బంకు మారిందా, డ్రైవర్ మారాడా? ఉన్నట్టుండి వచ్చిన తేడాకు జవాబు చాలాసార్లు ఆ కాగితం మీదే ఉంటుంది.

తర్వాత డ్రైవర్‌ని రెండే ప్రశ్నలు అడగండి. పుల్లింగ్ (బండి లాగే బలం) తగ్గిందా, లేదా? పొగ వస్తోందా, ఏ రంగు? పుల్లింగ్ తగ్గి నల్లపొగ వస్తే గాలి దారి చూడాలి. పుల్లింగ్ బాగానే ఉండి, పొగ లేకుండా డీజిల్ మాత్రం తాగుతుంటే బ్రేకులు, టైర్లు, ఫ్యాను, థర్మోస్టాట్ (ఇంజన్ నీళ్ల వేడిని అదుపు చేసే వాల్వు), లీకు, దొంగతనం చూడాలి. తెల్లపొగయితే డీజిల్ సరిగా మండటం లేదు, లేదా నీళ్లు లోపలికి పోతున్నాయి. నీలి పొగ ఇంజన్ ఆయిలుది. ఈ వరసను పక్కనపెట్టి నేరుగా నాజిళ్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు) విప్పించే అలవాటు మన దగ్గర ఎక్కువ. అది బిల్లు పెద్దదయ్యే దారి.

బ్రేకు పట్టుకొని ఉందని ఎలా తెలుస్తుంది?

మా దృష్టిలో ఉన్నట్టుండి పడ్డ మైలేజీకి మొదట అనుమానించాల్సింది బ్రేకునే. ముఖ్యంగా లైనర్లు వేయించిన వారంలో.

చదును రోడ్డు మీద, రేణిగుంట–నాయుడుపేట వైపు లాంటి చోట, 15–20 కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ తోలండి. నెమ్మదిగా ఆపి వెంటనే ఒక్కో చక్రం డ్రమ్ము వేడి చూడండి. వేడి కొలిచే గన్ను ఉంటే ఒకే యాక్సిల్ మీద కుడి ఎడమల మధ్య 25–30 డిగ్రీలు తేడా వచ్చిన చోట పట్టు ఉన్నట్టు. గన్ను లేకపోతే చేతిని డ్రమ్ముకు నాలుగంగుళాల దూరంలో ఉంచి పోల్చండి, ముట్టుకోవద్దు. రిమ్ము దగ్గర పెయింటు గోధుమరంగుకు తిరిగి పొక్కులు లేచినా, హబ్బు సీలు నుంచి గ్రీజు కరిగి చారలుగా కారినా ఆ చక్రం చాన్నాళ్లుగా కాలుతోందన్నమాట. కాలిన డ్రమ్ము మీద నీళ్లు పోయొద్దు, పగులుతుంది.

తర్వాత మిగతా చక్రాలకు చెక్కలు పెట్టి, బ్రేకు గాలి మీటరు పూర్తిగా ఎక్కాక హ్యాండ్‌బ్రేకు విడిచి, అనుమానమున్న చక్రాన్ని జాకీతో ఎత్తి, కింద స్టాండు వేసి చేత్తో తిప్పండి. లైనర్ ఎక్కడో కాస్త రాసిన చప్పుడుతో తిరిగితే ఫర్వాలేదు. బలం పెట్టి తోస్తేగానీ కదలకపోతే కారణం వెతకాలి. ఎక్కువగా కనపడేవి: స్లాక్ అడ్జస్టర్‌ను (లైనర్‌కూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసే లివర్) మితిమీరి బిగించడం (ఆటోమేటిక్ స్లాక్‌ను స్పానర్‌తో తిప్పితే ఇది తరచూ జరుగుతుంది), ఎస్-క్యామ్ (బ్రేకు షూలను విప్పార్చే కడ్డీ) బుష్‌కు గ్రీజు అందక బిగుసుకోవడం, షూ రిటర్న్ స్ప్రింగు విరగడం. వెనక చక్రాలు రెండూ సమానంగా కాలుతుంటే స్ప్రింగు బ్రేకు (గాలి ప్రెజర్ ఉంటేనే విడిచే హ్యాండ్‌బ్రేకు) పూర్తిగా విడవడం లేదేమో చూడండి. హ్యాండ్‌బ్రేకు లైనులో గాలి కారి ప్రెజర్ చాలకపోతే లోపలి స్ప్రింగు సగం పట్టుకొనే ఉంటుంది. డ్రైవర్‌కు సీట్లో ఏమీ తెలియదు.

టైరు గాలి అంత తేడా చేస్తుందా?

చేస్తుంది, కానీ అనుకున్నంత కాదు. అన్ని టైర్లలో గాలి 10 పీఎస్‌ఐ (గాలి ప్రెజర్ కొలత) తక్కువుంటే సుమారు ఒక శాతం డీజిల్ ఎక్కువ కాలుతుంది. జంట టైర్లలో లోపలి టైరును ఎవరూ చూడరు, అది 60కి పడినా బయటిది మోస్తూ ఉంటుంది. వాల్వు ఎక్స్‌టెన్షన్ వేయించి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు గేజితో చూడండి. సుత్తితో కొట్టి చప్పుడు వినడం గాలి పూర్తిగా పోయిందో లేదో చెప్తుందంతే. 80కీ 110కీ తేడా చెప్పదు. ఎంత పట్టించాలన్నది టైరు సైజు, లోడును బట్టి కంపెనీ పట్టికలో ఉంటుంది.

అలైన్‌మెంటు అనగానే ముందు చక్రాలే గుర్తొస్తాయి. పది చక్రాల బండికి వెనక రెండు యాక్సిళ్లు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోయినా అంతే నష్టం. యాక్సిల్‌ను చోటు కదలకుండా పట్టే టార్క్ రాడ్ బుష్ పోయినా, యూ-బోల్టు వదులై హౌసింగ్ జరిగినా బండి రోడ్డు మీద ఒకవైపు వాలుగా నడుస్తుంది. వెనకాల వచ్చే బండివాళ్లకు ఇది స్పష్టంగా కనపడుతుంది, తోలేవాళ్లకు కనపడదు.

నల్లపొగ, పికప్ లేదు. ఫిల్టర్ మార్చినా తగ్గలేదు. తర్వాత ఏం చూడాలి?

ఫిల్టర్‌తో గాలి దారి అయిపోలేదు. టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లార్చేది), అక్కణ్నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు హోసులు, క్లాంపులు చూడండి. టర్బో నొక్కిన గాలి బయటికి పోతుంటే ఇంజన్‌కు డీజిల్‌కు తగ్గ గాలి అందదు. ఘాట్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 'స్స్' అనే ఈల వినిపిస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. బండి నిలబడి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఆ పైపుల్లో ప్రెజరే ఉండదు. షెడ్డులో ఇంజన్ ఆన్ చేసి చెయ్యి పెట్టి చూసి "లీకేం లేదన్నా" అనేస్తారు. చూడాల్సింది మరకను: క్లాంపు పక్కన నూనె కలిసిన నల్లటి దుమ్ము గీతగా అతుక్కొని ఉంటే గాలి అక్కణ్నుంచే పోతోంది. ఖాయంగా తేల్చాలంటే ఇంజన్ ఆపి, టర్బో ముందు పైపు మూసి, రెగ్యులేటర్‌తో ఒకటి–ఒకటిన్నర బార్ గాలి పెట్టి సబ్బు నీళ్లు చల్లాలి. బుడగలు వచ్చిన చోట పట్టుకోవచ్చు. ఇంటర్‌కూలర్ అల్యూమినియం ట్యాంకు మూలల్లో వెంట్రుకంత పగుళ్లు ఇలాగే దొరుకుతాయి. హోసును విప్పితే లోపలా తడమండి. లోపలి పొర ఊడి మూతలా అడ్డం పడుతుంది, బయటినుంచి కొత్తదానిలా మెరుస్తూ ఉంటుంది.

రెండోది, చాలామంది మరిచేది: ఎగ్జాస్ట్ బ్రేకు, అంటే దిగుడులో పొగ దారి మూసి బండి వేగం తగ్గించేది. భాకరాపేట, మొగిలి ఘాట్లలో తిరిగే బండ్లలో దాన్ని బాగా వాడతారు. సైలెన్సర్ పైపులోని ఆ రెక్క మసి పట్టి సగం మూసుకొనే ఉండిపోతే ఇంజన్ ఊపిరి వదల్లేదు. మైలేజీ, పికప్ రెండూ ఒకేసారి పోతాయి, ఇంజన్ వేడెక్కుతుంది. ఇంజన్ ఆపి, చల్లారాక, రెక్కను తిప్పే లివర్ పూర్తిగా తెరుచుకొని స్టాపర్‌కు ఆనిందో లేదో చూడండి. చేత్తో ఆడించినప్పుడు దానంతటదే వెనక్కి రావాలి. ఇదంతా అయిదు నిమిషాల పని.

తర్వాత టర్బో. చక్రాన్ని చేత్తో తిప్పితే నున్నగా తిరగాలి, రెక్కలు గోడకు రాయకూడదు. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) ఉన్న ఇంజన్లలో ఆ వాల్వు తెరుచుకొని ఇరుక్కున్నా ఇదే నల్లపొగ.

ఎయిర్ ఫిల్టర్‌ను గాలి కొట్టి వాడొచ్చా?

బయటి ఫిల్టర్‌ను వాడొచ్చు. లోపలి నుంచి బయటికి, 2 బార్‌లోపు, నాజిల్‌ను కాగితానికి ఆనించకుండా. టైరుకేసి కొట్టొద్దు, మడతలు చీలతాయి. లోపల ఉండే చిన్న సేఫ్టీ ఫిల్టర్‌ను ఎప్పుడూ కొట్టొద్దు, మార్చడమే. క్వారీలోకి పోయే బండికి కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఫిల్టర్ డబ్బా మీద ఎర్రగా మారే ఇండికేటర్‌ను చూసి మార్చండి.

థర్మోస్టాట్ తీసేస్తే ఎండాకాలం మంచిదంటారు. మైలేజీకి దానికి సంబంధమేంటి?

సూటి సంబంధం. ఇంజన్ 80–90 డిగ్రీల మధ్య నడవడానికే తయారైంది. థర్మోస్టాట్ తీసేసినా, తెరుచుకొని ఇరుక్కున్నా హైవే మీద 60–65కి పడిపోతుంది. ఆ చల్లదనంలో డీజిల్ పూర్తిగా మండదు, ఆయిలు చిక్కగా ఉండి రాపిడి పెరుగుతుంది, కామన్ రైల్ ఇంజన్‌లో (కంప్యూటర్ అదుపులో, చాలా ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ చిమ్మే రకం) ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, "ఇంకా వేడెక్కలేదు" అనుకొని డీజిల్ లెక్క మార్చుకుంటుంది. పైగా కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా బైపాస్‌లోనే తిరిగి, ఘాట్‌లో ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. రేడియేటర్ పని చేయించిన తర్వాత మైలేజీ పడితే థర్మోస్టాట్ తిరిగి వేశారా అని అడగండి.

ఫ్యాన్ క్లచ్ (ఇంజన్ వేడెక్కినప్పుడే ఫ్యానును పూర్తిగా తిప్పేది) కూడా ఇక్కడే చూడాలి. పొద్దున స్టార్ట్ చేయగానే ఫ్యాను హోరెత్తి ఒకటి రెండు నిమిషాల్లో తగ్గితే సహజం. రాత్రి చల్లటి హైవే మీద కూడా ఆ హోరు ఆగకపోతే క్లచ్ పట్టేసింది. పెద్ద లారీ ఫ్యాను పూర్తిగా తిరిగితే ఇరవై హార్స్‌పవర్‌కు పైగానే తింటుంది.

నాజిళ్లు, పంపు ఎప్పుడు అనుమానించాలి?

పైవన్నీ చూశాక. ఐడిల్‌లో బండి వణకడం, పొద్దున ఆలస్యంగా స్టార్ట్ కావడం, ఒక సిలిండర్ టక్‌టక్ కొట్టడం ఉంటే నాజిల్ వైపు చూడాలి. కామన్ రైల్ బండికి స్కానర్‌తో సిలిండర్ల వారీ డీజిల్ సవరణ చూడొచ్చు. ఆ తర్వాత రిటర్న్ పరీక్ష: ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్ పైపును (మిగిలిన డీజిల్ వెనక్కి పోయే పైపు) ఒక్కో కొలత సీసాలోకి పెట్టి ఇంజన్ నడిపితే, మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండిన సీసా ఏ ఇంజెక్టర్‌దో అది అరిగింది.

పాత బండ్లలో ఇంజన్ నడుస్తుండగా ప్రెజర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పని చేయడం లేదో పట్టేవాళ్లు. కామన్ రైల్‌లో అది ప్రాణాంతకం. 1600 బార్‌కు పైగా ప్రెజర్‌లో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. వేలు తీసేయాల్సి రావచ్చు. ఇంజెక్టర్ మార్చాక దాని మీది కోడ్‌ను ఈసీఎంలో ఎక్కించారా లేదా అన్నదీ అడగండి. ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్‌తోనే మైలేజీ పడుతుంది.

ఎక్కడా కారడం లేదు, అయినా డీజిల్ పోతోంది. ఎక్కడికి?

డిప్‌స్టిక్ తీసి చూడండి. ఇంజన్ ఆయిలు మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, డీజిల్ వాసన కొడుతుంటే, పంపు సీలు నుంచో ఇంజెక్టర్ సీలు నుంచో డీజిల్ ఆయిల్ సంపులోకి దిగుతోంది. బీఎస్‌6 (కొత్త పొగ నిబంధనల) బండ్లలో రీజెన్, అంటే పొగ ఫిల్టర్‌లో మసి కాల్చడం, మాటిమాటికీ మధ్యలో ఆగినా ఇలా జరగొచ్చు. ఈ స్థితిలో బండి తోలొద్దు. పల్చబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి.

ఇది కాకపోతే ట్యాంకు మూత, రిటర్న్ పైపు, ఫిల్టర్ కింది డ్రెయిన్ చూడండి. బండి కింద కార్డ్‌బోర్డు పరిచి రాత్రంతా వదిలితే చిన్న చుక్కయినా మరక చూపిస్తుంది. దొంగతనం అనుమానముంటే రాత్రి హాల్టుకు ముందు, పొద్దున బయల్దేరే ముందు ఒకే చోట గీతలున్న కర్రతో ట్యాంకు కొలవండి. డ్రైవర్‌ని నిలదీసే ముందు ఆ కొలతలు చేతిలో ఉండాలి.

బీఎస్‌6 లారీలో కొత్తగా ఏం చూడాలి?

2020 ఏప్రిల్ తర్వాతి బండ్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసిని కాల్చేటప్పుడు, అంటే రీజెన్ జరిగేటప్పుడు, అదనంగా డీజిల్ ఖర్చవుతుంది. అది ఎప్పుడో ఒకసారి జరగాలి. రోజూ అడుగుతుంటే మసి ఎక్కువ పుడుతోందని అర్థం. కారణం ఎక్కువగా డీపీఎఫ్‌లో కాదు, ముందున్న గాలి లీకులోనో ఈజీఆర్‌లోనో ఇంజెక్టర్‌లోనో ఉంటుంది. రీజెన్ నడుస్తుండగా బండి ఆపేస్తే మళ్లీ మొదటినుంచి. నిలబెట్టి రీజెన్ చేసేటప్పుడు కింద ఎండుగడ్డి, వరిగడ్డి ఉండకూడదు, సైలెన్సర్ అంత వేడెక్కుతుంది.

డెఫ్, అదే యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం), సాధారణంగా వంద లీటర్ల డీజిల్‌కు నాలుగైదు లీటర్లు పడుతుంది. అందులో యూరియా 32.5 శాతం ఉండాలి. బస్తా యూరియా నీళ్లలో కలిపి పోస్తే డెఫ్ ఇంజెక్టర్ పూడుకుపోతుంది, ఈసీఎం పవర్ తగ్గిస్తుంది, డ్రైవర్ ఘాటంతా రెండో గేరులో లాగుతాడు. మైలేజీ అక్కడే పోతుంది.

బార్డర్ దాటి తమిళనాడు, కర్ణాటకలో కొట్టించిన డీజిల్ మైలేజీ ఇవ్వదంటారు, నిజమా?

రాష్ట్రాన్ని బట్టి డీజిల్ గుణం మారదు, పన్ను మారుతుంది. బంకును బట్టి కొలత, కల్తీ మారవచ్చు. ఏ బంకులోనైనా 5 లీటర్ల కొలత పాత్రతో పరీక్ష చూపించమని అడిగే హక్కు మీకుంది. 25 మిల్లీలీటర్ల దాకా తేడాకు అనుమతి ఉంది. అంతకు మించితే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. డెన్సిటీ కూడా అడగండి. 15 డిగ్రీలకు సరిచేసిన అంకె బంకు రికార్డులోని దానికి 3 లోపు (ఘనపు మీటరుకు కిలోల్లో) తేడాలో ఉండాలి. గాజు సీసాలో లీటరు పట్టి రాత్రంతా ఉంచితే నీళ్లు అడుక్కు దిగి కనపడతాయి.

ఎక్కడో డబ్బాల్లో తక్కువ ధరకు అమ్మే 'బయోడీజిల్' జోలికి మాత్రం పోవద్దు. మిగిలే రూపాయలు ఇంజన్ డీజిల్ పంపు రిపేరు షాపుకే పోతాయి.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందా?

మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ నుంచి కాలు తీస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, పంపు డీజిల్ ఆపేస్తుంది. న్యూట్రల్‌లో ఐడిల్‌కు కావాల్సిన డీజిల్ కాలుతూనే ఉంటుంది. పైగా ఇంజన్ పట్టు లేక భారమంతా లైనర్ల మీద పడి, అవి కాలి, భాకరాపేట మలుపుల్లో బ్రేకు అందదు. ఎక్కిన గేరులోనే దిగండి.

మామిడి సీజన్‌లోనే ప్రతి ఏడూ పడుతోంది. బండిలో లోపమా?

గుజ్జు ఫ్యాక్టరీల ముందు క్యూలో ఇంజన్ ఆపకుండా నిలబెడుతున్నారేమో చూడండి. ఐడిల్‌లో గంటకు లీటరు నుంచి రెండు లీటర్లు పోతాయి, కిలోమీటరు మాత్రం పెరగదు. ఇంజన్ గంటల మీటరుంటే ఆ అంకెనూ కిలోమీటర్లనూ పక్కపక్కన రాసుకోండి. ఖాళీగా వచ్చేటప్పుడు లిఫ్ట్ యాక్సిల్ ఎత్తారా, టార్పాలిన్ బిగించి కట్టారా, లోడును బట్టి ఇంజన్ పవర్ మార్చే లైట్–మీడియం–హెవీ స్విచ్ ఉన్న బండయితే ఖాళీ బండిని హెవీలోనే తోలుతున్నారా అన్నవీ ఈ లెక్కలోవే.

ట్యాంకులో పోసే మైలేజీ మందులు, అయస్కాంతాలు పనిచేస్తాయా?

పట్టుకున్న బ్రేకును ఏ మందూ విడిపించదు. డబ్బులు దాచుకోండి.

షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రీకి ఏం చెప్పాలి?

"మైలేజీ లేదు" అని కాదు. పడకముందు రెండు ఫుల్లింగులు, పడ్డాక రెండు ఫుల్లింగులు, వాటి కిలోమీటర్లు, లీటర్లు, రూటు, లోడు, పొగ రంగు, హైవే మీద టెంపరేచర్ ముల్లు ఎక్కడ నిలుస్తోంది, డ్రమ్ముల వేడి, పదిహేను రోజుల్లో చేసిన పనులు. ఒక్కసారికి ఒక్క పనే చేయించి, మళ్లీ ఫుల్లింగ్ చేసి చూడండి. నాలుగు పనులు ఒకేసారి చేయిస్తే ఏది పనిచేసిందో తెలియదు, తీసేసిన మంచి పార్టుకూ బిల్లు కట్టాలి. విప్పిన పార్టులను తిరిగి అడిగి తీసుకోండి.